మూత

సరిగ్గా పద్నాలుగు కిలోమీటర్లు.
అంతవరకూ పల్లెత్తు మాట అనదు.
కాణిపాకం క్రాసు దాటి, బంగారుపాళ్యం దోవలో
ఒక దగ్గు,
ఇంకో దగ్గు,
ఆపైన నీడ ఉండే చోటు చూసుకొని
నింపాదిగా కూలబడుతుంది
నా ఎనభైరెండు మోడల్ అంబాసిడర్.
పావుగంట ఆగితే మళ్ళా లేస్తుంది,
ఏమీ ఎరగనట్టు.

ముప్పైయేండ్లు టెలిఫోన్ లైన్లలో తప్పు వెతికినోణ్ణి.
స్తంభమెక్కి, చెవి ఆనించి
యాడ తెగిందో చెప్పినోణ్ణి.
రెండు కొసలూ పట్టుకొని దగ్గిరికి జరుగుతా వస్తే
నడాన ఎక్కడో దొరకాల్సిందే తప్పు.
నాకొచ్చిన చదువు అదొక్కటే.

మొదటి ఆదివారం ప్లగ్గులు ఊడబెరికితిని.
గ్రీమ్స్‌పేటలో మా ఇంటి గడప ముందర
ఇడ్లీ రేకు మీద నాలుగిటినీ వరసగా పెడ్తిని.
ఒకటి మసి, మూడు ఇటికపొడి రంగు.
వళ్ళెమ్మ వచ్చి చూసి
"ఆ రేకు ఇంక నువ్వే పెట్టుకో" అనింది.

పాయింట్లు గరుకుకాగితంతో రుద్దితిని,
పోస్టుకార్డు మడిచి సందు కొలిస్తిని.
కండెన్సరు కొత్తది.
కాయిలుకి తడిగుడ్డ, జొరమొచ్చిన బిడ్డకి వేసినట్టు.
ఇంటి ముందర గంటసేపు తిరిగినా ఆగదే!
ఎదురింటోళ్ళు కిటికీలు మూసుకొనిరి గానీ
అది ఆగలేదు.

రెండో ఆదివారం దొరస్వామి వచ్చినాడు.
మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఫిట్టరు పని చేసి మానుకున్న మనిషి.
"ఎండకి పైపులోనే పెట్రోలు ఆవిరైపోతా ఉండాది" అని తీర్పు చెప్పి
పైపు పొడుగునా బట్టలారేసే చెక్క క్లిప్పులు తగిలించినాడు,
తీగ మీద పిచ్చుకలు కూర్చున్నట్టు.
ఆ క్లిప్పులూ వళ్ళెమ్మవే.
ఆ రోజు పదహారు పోయింది.
రెండు కిలోమీటర్లు గెలిచి
ఇద్దరం నడిరోడ్డులో చేతులు కలుపుకొంటిమి.

ఖాదర్‌వలి షెడ్డులో మాత్రం
బానెట్టు కూడా ఎత్తలేదు.
"ఇనుము కిలో ఎంతుందో కనుక్కోనా సార్" అన్నాడు.
నేను నీళ్ళు తాగి వచ్చేస్తిని.

మూడో ఆదివారం. వళ్ళెమ్మ చెల్లెలింటికి పయనం.
పద్నాలుగు.
దగ్గు.
తను దిగి, కొంగు తలమీద వేసుకొని, మైలురాయి మీద కూచునింది.
ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండు.
పెట్రోలు ఉందో లేదో అనుకొని
(గేజి ముల్లు పడుకొని పదేండ్లయింది)
వేపపుల్లతో కొలిచేదానికి ట్యాంకు మూత తిప్పితిని.

ఉస్స్.

బయటికి కాదు, లోపలికి.
నీళ్ళలోంచి తలెత్తిన మనిషి పీల్చినట్టు
ఒక పొడుగాటి గుక్క.

నా చెవి నాకు మళ్ళా వచ్చె.
మూత వదులుగా పెట్టి తాళం తిప్పితిని.
పావుగంట లేదు, పాడు లేదు,
ఒక్క తిప్పుకే పలికింది.

మూత తిరగేసి చూస్తిని.
నడిమధ్యలో, ఆవగింజంత, ఎంసీల్ ముద్ద.
పోయిన తుపానులో ట్యాంకులో నీళ్ళు దిగకూడదని
గొడుగు చంకలో ఇరికించుకొని
నేనే పూడ్చిన రంధ్రం.
ఎంత బాగా పూడ్చినానో!
వేలిముద్ర కూడా పడుండాది.
ఈ కొస చూస్తిని, ఆ కొస చూస్తిని,
నడానంతా ఊడదీస్తిని,
నా చెయ్యి పడిన చోటు తప్ప.

వళ్ళెమ్మ లేచి వచ్చి ముద్దని చూసింది, నన్ను చూసింది.
గాజుకున్న పిన్నీసు తీసి
అడక్కుండానే చేతిలో పెట్టింది.

పదిహేను. పదహారు. పదిహేడు.
కిటికీలోంచి బెల్లం గానుగ వాసన.
పంతొమ్మిది దగ్గర
వెనక కుడి చక్రంలో ఇంకో చప్పుడు మొదలయింది,
టక్కు... టక్కు...
ఇద్దరం విన్నాం.
వళ్ళెమ్మ చెరుకుతోట కల్లా చూస్తా ఉండాది.
నేను హారన్ కొడ్తిని,
రోడ్డు మీద ఎవరూ లేకపోయినా.